3.3 చెబితే 5 వినేదెలా?

ఏరా చిన్నోడా, బొమ్మల కొలువు మెట్లకి చుట్టిన రంగుల ఎల్ఈడీ పట్టీ ఉన్నట్టుండి పిచ్చి రంగులు వేస్తోందనా దిగులు? పట్టీ పాడైపోలేదు, నీ ప్రోగ్రామూ బాగానే ఉంది. నీ ఈఎస్‌పీ32 బోర్డు పిన్నుల్లోంచి వచ్చేది 3.3 వోల్టులు. ఆ డబ్ల్యూఎస్2812బీ పట్టీ నడిచేది 5 వోల్టుల మీద. తనకిచ్చిన సప్లైలో నూటికి 70 వంతులు, అంటే 3.5 వోల్టులు వస్తే తప్ప అది 'ఒకటి' అని ఒప్పుకోనక్కర్లేదు. అయినా చాలాసార్లు ఒప్పుకుంటుంది, అదే చిక్కు! అసలు వెలగకపోతే మొదటి రోజే దొరికిపోయేది.

మధ్యలో 74ఏహెచ్‌సీటీ125 చిప్ పెట్టు. దానికి 5 వోల్టుల సప్లై ఇచ్చినా, లోపలికి 2 వోల్టులు వస్తే చాలంటుంది. పాతకాలం టీటీఎల్ చిప్పుల లెక్క అది. బయటికి మాత్రం నిండుగా 5 వోల్టులు ఇస్తుంది. కొనేటప్పుడు ఆ 'టీ' ఉందో లేదో చూసుకో. టీ లేనిది తెస్తే అదీ 3.5 అడుగుతుంది, డబ్బు దండగ. గ్రౌండ్లన్నీ ఒకచోట కలపాలని నీకు వేరే చెప్పాలా?

5 నుంచి 3.3కి దించడం తేలిక. దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్ఆర్04 ఎకో పిన్ 5 వోల్టులు ఇస్తుందిగా, వరసలో 1 కిలో ఓమ్, అక్కణ్ణుంచి గ్రౌండ్‌కి 2 కిలో ఓమ్ పెడితే మధ్యలో 3.3 దొరుకుతుంది. దానికి చిప్పెందుకు?

ఐ2సీ తీగల దగ్గరే అసలు తమాషా. ఆ తీగని ఎవరూ పైకి నెట్టరు, కిందికి లాగడమే. వదిలేస్తే పుల్-అప్ రెసిస్టరే పైకి లేపుతుంది, బరువు కట్టిన ఏతాంలాగ. పైగా ఒకే తీగ మీద ఇద్దరూ మాట్లాడాలి. దిశ తనే కనిపెడుతుందట కదా అని టీఎక్స్‌బీ0104 చిప్‌ని ఇక్కడ ఇరికించకు. దాని పట్టు చాలా బలహీనం. బయట 50 కిలో ఓమ్‌ల కన్నా బలమైన పుల్-అప్ ఉంటే తడబడుతుంది, ఐ2సీకేమో మామూలుగా 4.7 పెడతాం. తీగకొక బీఎస్ఎస్138 మాస్‌ఫెట్ చాలు: గేటు 3.3 సప్లైకి, సోర్సు 3.3 వైపు తీగకి, డ్రైను 5 వైపు తీగకి, రెండు పక్కలా పుల్-అప్‌లు. ఇటువాడు లాగితే మాస్‌ఫెట్ తెరుచుకుని అటు తీగా దిగుతుంది. అటువాడు లాగితే ముందు లోపలి డయోడ్ ఇటు తీగని కాస్త దించుతుంది, దాంతో మాస్‌ఫెట్టూ తెరుచుకుంటుంది. ఇంత చవక ఉపాయం నాకు భలే ముచ్చట!

ఎనిమిది తీగల సంకేతాలు ఒకేసారి పంపాలా? అయితే 74ఎల్‌వీసీ8టీ245 చిప్ పెట్టు. దిశ చెప్పే డీఐఆర్ పిన్ 'ఏ' అనే వైపు సప్లైని బట్టి నడుస్తుంది కనక నీ బోర్డుని ఆ 'ఏ' వైపే ఉంచు. పవర్ ఎక్కేటప్పుడు ఎవరూ ఎవరితోనూ కొట్లాడకుండా అవుట్‌పుట్లని తెరిచి మూసే ఓఈ పిన్‌ని ఒక రెసిస్టర్‌తో ఆ 'ఏ' వైపు సప్లైకి కట్టు. టీఎక్స్‌బీలో ఇది తలకిందులు, అక్కడ గ్రౌండ్‌కి కట్టాలి.