ఆట దుబాయ్‌లో, గడియారం మనది

2020 మార్చి 29న ముంబైలో మొదలవాల్సిన ఐపీఎల్, కరోనా దెబ్బకు వాయిదా పడి పడి సెప్టెంబర్ 19న అబుదాబిలో మొదలైంది. అబుదాబి, దుబాయ్, షార్జా కలిపి మూడే మైదానాలు, 60 మ్యాచ్‌లు, గ్యాలరీల్లో మాత్రం జనం లేరు. దోమకొండ నుంచి, కామారెడ్డి చుట్టుపక్కల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లకు అదొక విచిత్రమైన సీజన్. ఆట వాళ్లు పనిచేసే ఊరికే వచ్చింది, వాళ్లను మాత్రం గేటు లోపలికి రానివ్వలేదు. క్యాంపు గదిలో ఫోన్ పట్టుకున్న అన్నకూ, దోమకొండ గడి దగ్గరి వీధిలో టీవీ ముందు కూర్చున్న తమ్ముడికీ తేడా లేకుండా పోయింది. రాత్రి మ్యాచ్ మనకు ఏడున్నరకు, అక్కడ ఆరింటికి. పగటి మ్యాచ్ మనకు మూడున్నరకు, అక్కడ సరిగ్గా రెండింటికి. గల్ఫ్ ఎండలో రెండింటికి ఆట మొదలుపెట్టడం ఆటగాడి కోసం కాదు, మైదానంలో లేని ప్రేక్షకుడి కోసమూ కాదు. మన ఇళ్లలో టీవీ పెట్టే వేళ కోసం.

గేట్లు మూసినా సీజన్ ఎలా నిలబడిందన్నదానికి జవాబు లెక్కల్లోనే ఉంది. 2018 నుంచి 2022 దాకా ఐదేళ్ల ప్రసార హక్కులకు స్టార్ ఇండియా 16,347.5 కోట్లు ఇచ్చింది. మ్యాచ్‌కు సుమారు 54 కోట్లు. దాని ముందు టికెట్ల సొమ్ము ఏపాటి? 2020లో టైటిల్ స్పాన్సర్ వివో తప్పుకుంటే, ఏడాదికి 440 కోట్లు వచ్చే చోట డ్రీమ్11 ఇచ్చింది 222 కోట్లు. స్పాన్సర్ సొమ్ము సగానికి పడిపోయినా టోర్నీ ఆగలేదు. 2021 మే 4న 29 మ్యాచ్‌ల తర్వాత సీజన్ మళ్లీ ఆగిపోయినప్పుడు, మిగిలినవి ఆడించకపోతే సుమారు 2,500 కోట్లు నష్టమని అప్పటి క్రికెట్ బోర్డు అధ్యక్షుడు సౌరవ్ గంగూలీ బాహాటంగానే చెప్పారు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో మిగతా 31 మ్యాచ్‌లూ ఎమిరేట్స్‌లోనే పూర్తిచేశారు. అంతటి సొమ్ము వెనక లేని ఆట సంగతి చూడండి. ప్రొ కబడ్డీ 2020లో అసలు జరగనే లేదు. 2021 డిసెంబర్ 22న తిరిగి మొదలైంది బెంగళూరులోని ఒక హోటల్‌లో, ప్రేక్షకులు లేకుండా. కబడ్డీ ఒళ్లూ ఒళ్లూ రాసుకునే ఆట కాబట్టి అంటువ్యాధి వేళ ఆపక తప్పలేదన్న మాట నిజమే. కానీ ఖాళీగా పోయిన ఆ ఏడాదికి అదొక్కటే కారణమని నేననుకోను.

2025లో ఇదే కథ ఇంకో రూపంలో వచ్చింది. మే 8న ధర్మశాలలో మ్యాచ్ మధ్యలోనే లైట్లు ఆరాయి. సరిహద్దు ఉద్రిక్తతతో మర్నాడు ఐపీఎల్‌ను వారం రోజులు ఆపారు. 17న మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఆరు మైదానాల్లో హైదరాబాద్ లేదు. ఉప్పల్‌లో మే 10న సన్‌రైజర్స్ కోల్‌కతాతో ఆడాల్సిన మ్యాచ్ 25న ఢిల్లీలో జరిగింది. కామారెడ్డి నుంచి ఉప్పల్‌కు బయల్దేరాలనుకున్నవాడి మ్యాచ్ పోయింది, టీవీ కంపెనీకి మాత్రం పోలేదు. నా వాదన ఇక్కడ మొదలవుతుంది. సీజన్ చెదిరినప్పుడు ఆట యావత్తూ ఇంట్లో చూసేవాడి మీదే ఆధారపడి బతుకుతోంది. అలాంటప్పుడు ఆ ఇంట్లోవాడికి చట్టంలో కొంత హక్కు ఉండాలి. మైదానం మార్చిన మ్యాచ్‌లను, గేట్లు మూసి ఆడిన మ్యాచ్‌లను, ఏ సీజన్‌లోనైనా ప్లేఆఫ్‌లను దూరదర్శన్‌కు పంచి తీరాలి.

ఇదేమీ కొత్త సంగతి కాదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అదీ ఒక క్రికెట్ ప్రసారం తగాదాలోనే. 2007 చట్టం ప్రకారం జాతీయ ప్రాధాన్యం ఉన్న క్రీడల సిగ్నల్‌ను హక్కులు కొన్నవారు ప్రసార భారతికి ఇవ్వాలి. టీవీ ప్రకటనల ఆదాయంలో కనీసం 75 శాతం హక్కులు కొన్నవారికే దక్కుతుంది. భారత జట్టు వన్డేలు, టీ20లు ఆ జాబితాలో ఉన్నాయి. ఐపీఎల్ లేదు. ఇందులో ఇంకో మెలిక ఉంది. పంచుకున్న సిగ్నల్ కేబుల్ వాళ్లకు అందకూడదని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తీర్పిచ్చింది. అందువల్ల భారత్ మ్యాచ్ ఆడుతున్నప్పుడు డీడీ ఫ్రీ డిష్ గొడుగు పెట్టుకున్న ఇంట్లో డీడీ స్పోర్ట్స్‌లో మ్యాచ్ వస్తుంది. పక్కింట్లో నెలనెలా కేబుల్ బిల్లు కట్టేవాళ్లకు అదే ఛానల్‌లో వేరే కార్యక్రమం వస్తుంది. బిల్లు కట్టేవాడికే బొమ్మ లేదన్నమాట! దోమకొండ లాంటి మండల కేంద్రంలో ఈ రెండు రకాల ఇళ్లూ ఒకే గల్లీలో ఉంటాయి.

ఐపీఎల్ ప్రైవేటు క్లబ్బుల వ్యాపారమనీ, దేశం జట్టుతో దానికి పోలికేమిటనీ అనేవాళ్లున్నారు. వ్యాపారమే. కానీ దేశమంతా ఇళ్లలో బందీ అయిన 2020లో ప్రభుత్వ అనుమతితోనే అది విదేశానికి తరలింది. ఇంతమంది చూసే వ్యాపారానికి ఒక షరతు పెట్టడం అన్యాయం కాదు. ఇంకొంత బరువైన అభ్యంతరం ధర గురించి: ఉచితంగా వస్తే హక్కులను కొనేదెవరు? ఆస్ట్రేలియా వైపు చూడండి. అక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఏఎఫ్‌ఎల్ 2020 మార్చిలో ఒక్క రౌండ్ కాగానే ఆగింది. జూన్‌లో మళ్లీ మొదలైంది. ఆ సీజన్ అంతా 20 నిమిషాల క్వార్టర్‌ను 16కు కుదించుకుంది. గ్రాండ్ ఫైనల్ తొలిసారి విక్టోరియా దాటి బ్రిస్బేన్‌లో, తొలిసారి రాత్రి పూట జరిగింది. అక్కడ పే టీవీ వాళ్లకంటే ముందు ఉచిత ఛానళ్లకు కొనే అవకాశం ఇవ్వాలని చట్టం ఉంది. ఏఎఫ్‌ఎల్ మ్యాచ్‌లు ఆ జాబితాలోవే. ఆ చట్టం అన్ని మ్యాచ్‌లనూ ఉచితం చేయలేదు, చాలావరకు పే టీవీలోనే వస్తాయి. అయినా 2025 నుంచి ఏడేళ్లకు ఆ హక్కులు 450 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు పలికాయి. షరతు ఉన్నంత మాత్రాన బేరం చెడలేదు.

ఫోన్‌లో చూసుకోవచ్చు కదా అన్నది ఈ మధ్య తరచుగా వినిపించే మాట. 2023లో, 2024లో జియోసినిమా ఐపీఎల్‌ను ఉచితంగానే చూపింది. 2025లో రెండు పెద్ద సంస్థలు కలిసిపోయి జియోహాట్‌స్టార్ అయ్యాక చందానో, ఫలానా రీఛార్జో కావాలన్నారు. కంపెనీ ఇష్టం ఉన్నన్నాళ్లు ఇచ్చేది హక్కు ఎలా అవుతుంది? పైగా ఫోన్ ఒకరి చేతిలోది. చేట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, బీడీ చుట్టి దారం కడుతూ సాయంత్రాలు గడిపే అమ్మకు రెండు చేతులూ ఖాళీ ఉండవు. ఆమె తల ఎత్తి చూసేది గోడకున్న టీవీనే.

ఇందుకు పార్లమెంటు కొత్త చట్టం చేయనక్కర్లేదు. జాతీయ ప్రాధాన్యం ఉన్న క్రీడలేవో కేంద్రం గెజిట్‌లో నోటిఫై చేస్తే చాలు. కేబుల్ ఇళ్లకూ అందాలంటే మాత్రం చట్టం సవరించక తప్పదు. ఆ పని ఆలస్యమైనా ముందు ఫ్రీ డిష్ ఇళ్లకైనా ఇవ్వొచ్చు. 48,390 కోట్లకు అమ్ముడుపోయిన ఇప్పటి ఐపీఎల్ హక్కులు 2027 సీజన్‌తో ముగుస్తాయి. టెండర్ పిలవకముందే షరతు రాసి పెడితే కొనేవాడు దాన్ని లెక్కలో వేసుకునే పాట పాడతాడు. పాట అయిపోయాక అడిగితే కోర్టుకు పోతాడు, గెలుస్తాడు కూడా.