పోరు ఒక్కటి, పేర్లు పెక్కు

పేరు వస్తువునకు గుర్తు. ఊరికిగాని నదికిగాని పేరు పెట్టుట సులభము. ఆ వస్తువు కన్నుల యెదుటనే యుండును గదా! కాని పెక్కు తరములపాటు సాగిన చరిత్ర ఘట్టమునకు పేరు పెట్టుట అంత తేలిక కాదు. అట్టి పేరు కొంత చూపును, కొంత దాచును. ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల మధ్య 1689 నుండి 1815 వరకు నడచిన పోరునకు ఆంగ్లభాషలో ఏర్పడిన పేర్లే ఇందుకు మంచి నిదర్శనము. ఆ పోరు సముద్రములు దాటి గోదావరీతీరము వరకు వచ్చినది. కావున తెలుగు విద్యార్థులు ఈ పేర్ల మంచిచెడ్డలు తెలిసికొనుట మిక్కిలి అవసరము.

1688 వ సంవత్సరమున ఇంగ్లండులో రాజ్యవిప్లవము జరిగెను. దాని ఫలితముగా హాలెండు నాయకుడైన విలియము ఆంగ్ల సింహాసనము నధిష్ఠించెను. అతడు ఫ్రాన్సు రాజగు పదునాల్గవ లూయీకి ప్రబల శత్రువు. నాటినుండి వాటర్లూ యుద్ధము జరిగిన 1815 వరకు ఆ రెండు దేశములు ఏడు పెద్ద యుద్ధములలో ఎదురుపడినవి. స్పెయిన్ వారసత్వ యుద్ధము, ఆస్ట్రియా వారసత్వ యుద్ధము, సప్తవర్ష సంగ్రామము, నెపోలియనుతో జరిగిన యుద్ధములు వానిలో ముఖ్యమైనవి. ఒక్కొక్క యుద్ధమునకు వేరు వేరు పేరున్నది. మరి అన్నింటిని కలిపి ఏమని పిలువవలెను?

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చరిత్రాచార్యుడైన జాన్ సీలీ 1883 లో ప్రకటించిన గ్రంథమున దీనిని రెండవ శతవర్ష యుద్ధముగా, అనగా సెకండ్ హండ్రెడ్ ఇయర్స్ వార్‌గా, వర్ణించెను. మొదటి శతవర్ష యుద్ధము 1337 నుండి 1453 వరకు ఆ రెండు రాజ్యముల మధ్యనే జరిగినది. ఈ పేరున ఒక గుణము కలదు. విడివిడిగా కనిపించు ఏడు యుద్ధములు ఒకే దారమున గ్రుచ్చబడినవని ఇది చాటుచున్నది. కాని ఇందు లోపములును గలవు. మొదటి యుద్ధము ముఖ్యముగా ఫ్రాన్సు కిరీటము కొరకు జరిగినది. రెండవదానికి మూలము వర్తకము, వలసరాజ్యములు, సముద్రాధిపత్యము. అంతియే కాదు, ఈ కాలమున శాంతి సంవత్సరములును పెక్కు గలవు. 1716 లో ఈ రెండు రాజ్యములు మైత్రి చేసికొని కొన్నియేండ్లు కలసి మెలగినవి. మిత్రులుగా నున్న కాలమును గూడ యుద్ధమనుట ఎట్లు పొసగును?

ఇట్టి చోట ఆంగ్లమున రైవల్రీ అను పదము అక్కరకు వచ్చును. దీని పుట్టుక ఎరుగదగినది. లాటిన్ భాషలో రివుస్ అనగా ఏరు. ఒకే యేటి నీటిని వాడుకొను ఇరుగుపొరుగువారిని ఆ భాషలో రివాలిస్ అనిరి. కాలువ నీటికై గట్టున నిలిచి వాదులాడుకొను రైతులను చూచినవారికి ఈ పదముయొక్క స్వారస్యము వెంటనే బోధపడును. ఇద్దరికిని కావలసినది ఒకటే. అది ఇద్దరికిని చాలదు. వారు నేడు కొట్లాడవచ్చును, రేపు మాటలాడుకొనవచ్చును. పోటీ మాత్రము పోదు. వార్ అను పదము ఆయుధములతో జరుగు పోరును దెలుపును. అది సంధితో ముగియును. రైవల్రీ సంధి తరువాతను నిలుచును. తెలుగున యుద్ధమునకును స్పర్ధకును గల భేదమువంటిదే ఇది.

ఇక దేశముల పేర్ల విషయము. 1707 లో ఇంగ్లండు, స్కాట్లండు రాజ్యములు కలసి గ్రేట్ బ్రిటన్ అయ్యెను. కనుక 1689 నాటి పోరును ఇంగ్లండు పోరనుట సరియైనదే గాని, 1759 నాటి పోరునకు బ్రిటన్ పేరే తగినది. ఆంగ్లో-ఫ్రెంచి అను మాట వాడుకలో స్థిరపడినది. అయినను అందలి ఆంగ్లో అను భాగము వెనుక స్కాట్లండు సైనికులును గలరని మరువరాదు.

ఒకే యుద్ధము చోటు మారినంతనే పేరు మార్చుకొనును. ఐరోపాలో 1756 నుండి 1763 వరకు జరిగినది సప్తవర్ష సంగ్రామము. అమెరికాలో ఆ పోరు 1754 లోనే మొదలైనది. కావున అచ్చట ఏడేండ్లను లెక్క కుదరదు. అమెరికావారు దానిని ఫ్రెంచి అండ్ ఇండియన్ వార్ అందురు. ఈ పేరు విన్న మన విద్యార్థి ఫ్రెంచివారు భారతీయులతో పోరాడిరని భ్రమపడవచ్చును. అచ్చట ఇండియనులనగా అమెరికా ఆదివాసులు. వారైనను ఫ్రెంచివారితో పోరినవారు కారు. వారిలో పెక్కు తెగలు ఫ్రెంచి పక్షమున, కొన్ని బ్రిటిషు పక్షమున నిలిచినవి. బ్రిటిషు వలసవారు తమకు ఎదురైన శత్రువులను బట్టి ఆ పేరు పెట్టిరి. ఓడిన క్విబెక్ ప్రాంతపు ఫ్రెంచివారో, దానినే ఆక్రమణ యుద్ధమని పిలుతురు. పేరు పెట్టినవాడు ఎచ్చట నిలిచి చూచెనో పేరే చెప్పును.

మన దేశమున జరిగిన భాగమునకు కర్ణాటిక్ వార్స్ అని పేరు. ఇందలి కర్ణాటకము నేటి కర్ణాటక రాష్ట్రము కాదు. మైసూరు రాష్ట్రమునకు ఆ పేరు 1973 లో వచ్చినది. నాటి ఆంగ్లేయులు ఆర్కాటు నవాబు ఏలుబడిలోని తూర్పు ప్రాంతమును, అనగా నెల్లూరు సీమను, తమిళ దేశమున పెద్ద భాగమును అట్లు పిలిచిరి. మరియొక వింత కలదు. రెండవ కర్ణాటక యుద్ధము 1749 నుండి 1754 వరకు జరిగినది. ఆ కాలమున ఐరోపాలో ఆ రెండు రాజ్యముల మధ్య శాంతి యుండెను! ఇచ్చట మాత్రము రెండు వర్తక సంఘములు ఆర్కాటు, హైదరాబాదు గద్దెలకై పోరాడు వారికి చెరియొక ప్రక్క నిలిచి కత్తులు దూసినవి. రాజులు సంధి చేసికొన్నను స్పర్ధ చావలేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఆ పేరు దాచినది మరొకటి యున్నది. 1753 లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి వశమైనవి. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు విజయరామరాజు పక్షమున బొబ్బిలి కోటను ముట్టడించెను. కోట నేలపాలయ్యెను. తాండ్ర పాపారాయుడు విజయరామరాజును వధించి తానును మడిసెను. తరువాత విజయనగర ప్రభువైన ఆనందగజపతి ఆంగ్లేయులను రప్పించెను. క్లైవు బంగాళమునుండి పంపిన కర్నల్ ఫోర్డు 1758 డిసెంబరులో పిఠాపురమునకు సమీపమున గల చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్టణపు కోటను పట్టుకొనెను. ఆంగ్ల గ్రంథములు చందుర్తి యుద్ధమును కాండోర్ యుద్ధమని వ్రాయును. బొబ్బిలిగాని చందుర్తిగాని కర్ణాటకమున లేవు. ఆ పేరు మాత్రమే నేర్చినవాడు, ఈ యుద్ధములు తెలుగు గడ్డను తాకలేదనియే తలచును.

కావున ఆంగ్లమున పేరు ఎన్నుకొనునపుడు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఎవరెవరి మధ్య జరిగినది? ఏ యేండ్లలో జరిగినది? ఎచ్చట జరిగినది? ఈ పేరు ఎవరు పెట్టినది? నూటయిరువదియారేండ్ల చరిత్రను మొత్తముగా చెప్పదలచినచో ఆంగ్లో-ఫ్రెంచి రైవల్రీ అనుట మేలు. ఒక్క యుద్ధమును చెప్పునపుడు దాని పేరును, సంవత్సరమును, స్థలమును జోడింపవలెను. దక్షిణమున జరిగినదానికి కర్ణాటిక్ వార్స్ అను పేరు వాడినను, ఉత్తర సర్కారుల కథను దానికి వేరుగా చేర్పవలెను.

ఆ రెండు దేశములు 1904 లో స్నేహపు ఒడంబడిక చేసికొని, 1914 నాటి మహాయుద్ధమున ఒకే పక్షమున పోరాడినవి. వైరము చల్లారినది, పేర్లు మాత్రము గ్రంథములలో నిలిచినవి. గెలిచినవారు పెట్టిన పేరును తెలిసికొనుట చదువు. ఆ పేరు వెనుక మరుగుపడిన బొబ్బిలివంటి ఊళ్ళను వెదకి తెలిసికొనుట వివేకము.