పదిదాకా లెక్కపెట్టండి!

మా కళాశాలలో ఒక్కొక్క తరగతికి డెబ్బయి, ఎనభైమంది కూర్చుంటారు. ఛందస్సు చెప్పి “తెలిసిందా?” అంటే ముందు బెంచీలవారు తల వూపుతారు, వెనుక బెంచీలవారు కిటికీలోకి చూస్తారు. తెలియలేదని నలుగురిలో ఒప్పుకోవడం మనవాళ్ళకు నామోషీ. పక్కవాణ్ణి అడగడానికి ఆ బాధ లేదు గదా! అందుకని తరగతిని ఎనిమిదేసిమంది జట్లుగా విడదీసి, ఒక్కొక్క జట్టుకు పై తరగతి విద్యార్థి నొకణ్ణి పెద్దగా కూర్చోబెట్టాను.

ఇది నేను కనిపెట్టిన విద్య కాదు. మన వీధిబడుల్లో ముందు చేరిన పిల్లవాడు వెనుక చేరినవాడిచేత అక్షరాలు దిద్దించేవాడు. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదికలో ఈ పద్ధతిని మెచ్చుకుంటూ, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనన్నాడు. అంతకుముందే మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమంలో డాక్టర్ ఆండ్రూ బెల్, పిల్లలు ఇసుకలో వ్రాసుకోవడం ఎక్కడో చూసివచ్చి, తన బడిలోనూ పెట్టబోయాడు. ఉపాధ్యాయులు ససేమిరా అన్నారు. ఆయన అక్షరాల తరగతిని ఒక ఎనిమిదేళ్ళ కుర్రవాడికి అప్పగించాడు! 1797లో లండనులో ఆయన పుస్తకం వెలువడ్డాక దీనికి ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరే స్థిరపడింది.

అయితే ఒప్పజెప్పించడం వేరు, మాట్లాడించడం వేరు. ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది.

మొదటివారం తలుపు చాటున నిలబడి విన్నాను. మా ఫస్టుమార్కు కుర్రవాడు నలభై నిమిషాలు అనర్గళంగా ఉపన్యసించాడు. మధ్య మధ్య నా దగ్గుతో సహా! రెండోవారానికి ఎనిమిదిమందిలో నలుగురే మిగిలారు. మానేసిన అమ్మాయిని పిలిచి అడిగితే, “మీరు చెప్పిందే ఆ అన్నయ్య మళ్ళీ చెప్పాడు మేస్టారూ. నాకు రెండుసార్లు తెలియలేదు” అంది.

తప్పు కుర్రవాడిది కాదు. జట్టును ఎలా నడపాలో నేను నేర్పితే గదా!

అమెరికాలో కాన్సాస్ సిటీలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో 1973 నుంచీ, న్యూయార్కు సిటీ కాలేజీ రసాయనశాస్త్రంలో 1990ల నుంచీ విద్యార్థులే జట్లు నడుపుతున్నారు. వారికి ముందుగా శిక్షణ వుంటుంది. జవాబు చెప్పడం వారి పని కాదు; అడిగినవాడి ప్రశ్నను తిరిగి జట్టు ముందే పెట్టాలి. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970 ప్రాంతాల తరగతి గదుల టేపులు విని, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సుమారు ఒక్క సెకండే ఆగుతున్నారని తేల్చింది. మూడు సెకండ్లు ఆగితే చాలు, జవాబులు పొడుగవుతాయట, నోరు మెదపనివారు కూడా మెదుపుతారట! ఇరవై యేళ్ళుగా పాఠాలు చెబుతున్న నేను గడియారం పెట్టుకు చూసుకుని సిగ్గుపడ్డాను.

అప్పటినుంచీ ప్రతి శనివారం సాయంత్రం మా జట్టు పెద్దలకు గంటసేపు నాటకమే. ఒకడు వాగుడుకాయ, ఒకడు మౌనస్వామి, మరొకడు తెలియనివాడు. ప్రశ్న వేసినవాడు మనస్సులో పదిదాకా లెక్కపెట్టాలి. మూడు చాలునని ఆవిడ అన్నా, మనవాళ్ళ తొందర నాకు తెలుసు. పెద్దల ఎంపికా మార్చాను. ఛందస్సులో ఒకసారి తప్పి, మళ్ళీ వ్రాసి గట్టెక్కిన కుర్రవాడికి ఆ అమ్మాయి జట్టునిచ్చి, ఆమెను బతిమాలి మళ్ళీ పంపాను. కాలు ఎక్కడ జారుతుందో అతనికి తెలుసు గదా!

ఉత్పలమాలకు పదో అక్షరం యతి, చంపకమాలకు పదకొండోది. “ఎందుకు జరిగింది?” అని అడిగి అతను వూరుకున్నాడట. చెప్పేయాలని నాలుక దురద పెట్టిందట కూడా. ఏడు దగ్గర ఆ అమ్మాయి, “ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులు చేస్తే చంపకమాలే గదా అన్నయ్యా! అందుకని యతి ఒక అక్షరం వెనక్కి పోయింది” అందట. ఇంత సూటిగా నేనెప్పుడూ చెప్పలేదు. మిగతా జట్లలో రెండు ఇప్పటికీ చప్పగానే నడుస్తున్నాయనుకోండి.

మా ఫస్టుమార్కు కుర్రవాడు శనివారాలు మానలేదు. అతనికి తెలియనివాడి వేషం ఇస్తున్నాను. పాపం, రెండో నిమిషంలోనే జవాబు చెప్పేస్తున్నాడు.