అద్దాల గది కావాలా, చల్లని వసారా కావాలా?

ఇల్లు అనగానే మనవాళ్లు మొదట లెక్కపెట్టేది గదులు. నాలుగు గదులా, ఆరు గదులా అని అడుగుతారే గాని, పగటిపూట ఒక ముసలావిడ కూర్చోవడానికి గాలీ వెలుతురూ ఉన్న జాగా ఆ ఇంట్లో ఒక్కటైనా ఉందా అని అడిగేవారు తక్కువ. పిల్లలు పెద్దవారయ్యేకొద్దీ, కోడళ్లు వచ్చేకొద్దీ ముంగిలి ఒక్కో గదిగా మారిపోతుంది. చివరికి ఆకాశం కనబడే చోటు వీధి ఒక్కటే మిగులుతుంది. మగవారికి వీధి ఉంది, బజారు ఉంది, మసీదు ఉంది. రోజంతా ఇంటిపట్టున ఉండే స్త్రీలకూ, ముసలివారికీ, పసిపిల్లలకూ ఏముంది?

కర్నూలు పాతబస్తీలోని మా ఇంట్లో ఈ ప్రశ్న అబ్బా పోయిన తరువాత వచ్చింది. అమ్మీ వెనుక గదికే పరిమితమయ్యారు. మోకాళ్ల నొప్పుల వల్ల మిద్దె ఎక్కలేరు. వీధి అరుగు మీద కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు. పట్టపగలే ఆ గదిలో లైటు వెలిగేది. ఇంగ్లండులోని లెస్టర్‌లో ఉండే మా ఆపా కొడుకు సెలవులకు వచ్చి ఇది చూశాడు. "మామూ, అక్కడ ఇళ్ల వెనుక అద్దాల గది కట్టుకుంటారు, దాని ముందు బండలు పరిచిన జాగా ఉంటుంది. నానీ కోసం మనమూ అలాగే కట్టిద్దాం. ఖర్చు నేను పంపుతాను" అన్నాడు. కుర్రవాడి మనసు మంచిదే. కాని అక్కడి కట్టడం ఇక్కడికి పనికివస్తుందా అన్నది ముందుగా ఆలోచించవలసిన సంగతి.

చలిదేశపు అవసరం

అద్దాల గది చలిదేశంలో పుట్టింది. వేడిదేశాల మొక్కలను చలి నుంచి కాపాడడానికి ఇంగ్లండులో ధనికులు గాజు ఇళ్లు కట్టించారు. లండన్ దగ్గర క్యూ తోటలోని తాటిచెట్ల గాజుభవనం 1844-48 మధ్య కట్టినది. 1845లో గాజు మీద పన్ను ఎత్తివేయడంతో అద్దం చౌకయింది. 1851లో లండన్‌లోని హైడ్ పార్కులో జోసెఫ్ పాక్స్టన్ ఇనుము, గాజులతో క్రిస్టల్ ప్యాలెస్ నిలబెట్టాడు. ఆ ముచ్చట మన దేశానికీ వచ్చింది. బెంగుళూరు లాల్‌బాగ్‌లోని గాజుభవనానికి 1889లో శంకుస్థాపన జరిగింది. కాలక్రమాన ఇంగ్లండులో మామూలు కుటుంబాలు కూడా ఇంటి వెనుక చిన్న అద్దాల గది చేర్చుకోవడం మొదలైంది.

అద్దం చేసే పని తేలికగానే అర్థమవుతుంది. ఎండ అద్దంలోంచి లోపలికి వస్తుంది, నేలనూ సామానునూ వేడెక్కిస్తుంది. వేడెక్కిన నేల నుంచి తిరిగి వెలువడే వేడిని మాత్రం అద్దం బయటికి పోనివ్వదు. లోపలి వేడిగాలి కూడా అక్కడే చిక్కుకుపోతుంది. చలిదేశంలో ఇది వరం. అక్కడ కూడా వేసవిలో ఉక్క, శీతాకాలంలో చలి భరించలేక గాజు కప్పు తీసేసి మామూలు కప్పు వేయించుకునేవారు ఉన్నారు. ఇక వేసవిలో 40 డిగ్రీలు దాటే కర్నూలులో ఆ గది గది కాదు, పొయ్యి. గాజుకు బదులు పాలీకార్బొనేట్ పలకలు వేసినా, తలుపులు మూసుకుంటే ఫలితం దాదాపు అదే.

మన పెద్దలకు ఇది తెలుసు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో భవనాలు నీటికొలను ఉన్న విశాలమైన సహన్ చుట్టూ ఉంటాయి. కోస్తాలో మండువా లోగిలి కూడా నడుమ ఆకాశాన్ని వదిలిపెట్టి కట్టినదే. నవాబుకైనా రైతుకైనా అనుభవం నేర్పిన పాఠం ఒకటే: నీడనిచ్చే వసారా, దాని ముందు ఆకాశం కనిపించే ముంగిలి. అమ్మీకి కావలసింది కూడా అదేనని మేము నిశ్చయించుకున్నాము.

కట్టేముందు వాటాల మాట

మేస్త్రీని పిలవడానికి ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఇల్లు ఎవరిది? మన కుటుంబాల్లో తండ్రి పోయాక ఏళ్ల తరబడి వాటాలు పంచుకోకుండానే ఉంటాము. అన్నదమ్ముల్లో ఒకరు ఒక గది వేస్తారు, మరొకరు మిద్దె వేస్తారు. పంపకం నాటికి "నేను పెట్టిన డబ్బు మాటేమిటి?" అని తగాదా మొదలవుతుంది. వసారా కోసం తోబుట్టువులు దూరం కావడం కన్నా వసారా లేకపోవడమే మేలు.

మా ఇంట్లో వారసులం అమ్మీ, ఇద్దరు అన్నదమ్ములం, ఒక ఆపా. షరీయత్ లెక్కన సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు. మిగిలిన దానిలో కొడుకుకు రెండు పాళ్లు, కూతురుకు ఒక పాలు. ఇంటిని 40 పాళ్లు చేస్తే అమ్మీకి 5, మా అన్నదమ్ములకు చెరి 14, ఆపాకు 7. అంటే వెనుక పెరట్లో ప్రతి అంగుళంలోనూ ఆపాకు భాగం ఉంది. ఆమె అత్తవారింట్లో ఉందన్న కారణంతో అడగకుండా కట్టే హక్కు మాకు లేదు.

అందరమూ కూర్చున్నాము. ఆపా కొడుకు పంపే డబ్బు అప్పా, కానుకా, లేక తల్లి వాటాకు చేర్పా అని అడిగాము. "నానీకి కానుక మామూ, రేపు ఎవరినీ అడగను" అన్నాడు. "అయితే అదే మాట కాగితం మీద పెట్టు బేటా, మనసులో మాట మనతోనే పోతుంది" అన్నది ఆపా. ఆ మాట రాసి, అందరమూ సంతకాలు చేశాము. మాటకు కాగితం తోడుంటే బంధుత్వం చెడదు.

పక్కింటి కిటికీ

రెండవది పొరుగువారి సంగతి. మా పెరటి వెడల్పు 16 అడుగులు, పొడవు 20 అడుగులు. దక్షిణపు హద్దుగోడ మీదికి పక్కింటి పెద్దమ్మ వంటింటి కిటికీ ఉంది. అది 30 ఏళ్ల నుంచి ఉన్న కిటికీ. మేము కొలతలు తీస్తుండగా ఆమె చూసి, "మీ అమ్మకు వెలుతురు కావాలని నా వంటింటికి చీకటి చేస్తారా నాయనా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న.

1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఒక భవనానికి 20 ఏళ్లపాటు బాహాటంగా, ఆటంకం లేకుండా అందిన గాలీ వెలుతురూ ఆ ఇంటివారి హక్కు అవుతాయి. పొరుగింటివారి మరుగుకు భంగం కలిగేలా కొత్త కిటికీ తెరవకూడదన్న ఆచారం ఉన్న ఊళ్ల మాట కూడా అదే చట్టం 18వ సెక్షన్ కింద ఉదాహరణగా ఉంది. చట్టం సంగతి అలా ఉంచి, రోజూ మొహాలు చూసుకునే మనుషులం. "లేదు పెద్దమ్మా, నీ కిటికీ వైపు 3 అడుగులు వదిలేస్తాము" అన్నాము. అలా వసారా 13 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పుకు తగ్గింది. వదిలిన ఆ సందులో ఇప్పుడు మల్లె కుండీలు ఉన్నాయి. మా ఇంటికి మరుగు, ఆమె ఇంటికి గాలి.

మున్సిపాలిటీ మాట కూడా మరవరాదు. ఇంటి చుట్టూ ఎంత ఖాళీ వదలాలన్నది ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి భవన నిర్మాణ నిబంధనలు, తెలంగాణలో 2012 నాటి 168 నంబరు జీవో చెబుతాయి. ఉన్న ఇంటికి కప్పు చేర్చడం కూడా నిర్మాణమే. లైసెన్సు ఉన్న ఇంజనీరుకు చూపించి, అనుమతి అవసరమో కాదో తెలుసుకుని మొదలుపెట్టడం క్షేమం.

పాత గోడ, కొత్త కప్పు

పాత ఇళ్ల గోడలు రాయీ మట్టీ కలిపి కట్టినవి. వాటిలో రంధ్రాలు కొట్టి కొత్త దూలాలు దూర్చడం ప్రమాదం. మా మేస్త్రీ, "సార్, పాత గోడకు కొత్త బరువు పెట్టొద్దు. దాని పక్కనే వేరే కాళ్లు నిలబెడదాం" అన్నాడు. గోడ పక్కన 3, ముందు 3, మొత్తం 6 పిల్లర్ల మీద కప్పు నిలిచింది. నల్లరేగడి నేల తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. కొత్త పునాదీ పాత పునాదీ ఒకే తీరుగా కదలవు. రెంటినీ గట్టిగా అతికిస్తే చీలిక తప్పదు. కాబట్టి నడుమ సన్నని సందు వదలాలి. కప్పు గోడను తాకేచోట గోడలో గాడి కొట్టి, జింకు రేకు అంచును అందులోకి దూర్చి, మాలుతో మూయాలి. చాలా వసారాలు కురిసేది ఈ ఒక్క అతుకు దగ్గరే. సిమెంటు పనిని కనీసం 7 రోజులు, ఎండలు ముదిరితే 10 రోజులు తడపాలి.

కప్పుకు మంగళూరు పెంకు వేయించాము. ఇనుప రేకు తొందరగా కాగుతుంది. ఆస్‌బెస్టాస్ రేకును కోసినా, పగిలినా వెలువడే పొడి ఊపిరితిత్తులకు హాని, క్యాన్సర్ కారకం కూడా. ముసలివారు, పసివారు కూర్చునే చోటికి అది తగదు. పెంకుకు వాలు ఎక్కువ కావాలి. గోడవైపు 12 అడుగుల ఎత్తు, ముందువైపు 8 అడుగుల ఎత్తు పెట్టాము.

మా పెరడు పడమటి వైపు ఉంది. నడినెత్తి ఎండను కప్పు ఆపుతుంది. కాని సాయంత్రం ఎండ వాలుగా లోపలికి దూరుతుంది, దాన్ని ఏ కప్పూ ఆపలేదు. అందుచేత ముందువైపు నడుమెత్తు వరకు జాలీ గోడ, దానిపైన వెదురు తడికలు కట్టాము. జాలీ వల్ల గాలి ఆగదు, బయటివారికి లోపలివారు కనబడరు.

బండలు, నీళ్లు, వాలు

నేలకు మన జిల్లాల బండలను మించినవి లేవు. కర్నూలు, నంద్యాల వైపు వారికి బేతంచర్ల బండలు, కడప వారికి నల్లబండలు, తెలంగాణవారికి తాండూరు బండలు దగ్గర. మెరుపు చూసి పాలిష్ బండలు కొంటే తడిసినప్పుడు కాలు జారుతుంది. బయట గరుకు బండే వేయాలి. మా పెరడు మొత్తం 320 చదరపు అడుగులు. ఒక దానిమ్మ చెట్టుకూ, ఒక గోరింటాకు చెట్టుకూ 20 అడుగులు వదిలాము. మిగిలిన 300 అడుగులకు నూటికి పది తరుగు కలిపి 330 చదరపు అడుగుల బండలు తెప్పించాము.

ముంగిలి నేల గది నేల కన్నా 6 అంగుళాలు దిగువన ఉండాలి. 10 అడుగులకు ఒకటిన్నర నుంచి 2 అంగుళాల వాలు ఇంటికి ఎదురు దిశలో పోవాలి. బండలు పరిచే రోజే బకెట్టు నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో చూడాలి. 20 మిల్లీమీటర్ల వాన పడితే మా వసారా కప్పు మీద నుంచే దాదాపు 190 లీటర్ల నీరు దిగుతుంది. అది పొరుగింట్లోకి పోకుండా తూముగొట్టం గుండా ఇంకుడుగుంతకు పంపాము. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రీ వరద పాతబస్తీని ముంచినప్పుడు నీటి బలం ఏమిటో కర్నూలువారు చూశారు. నీటికి దారి చూపని ఇంట్లో అదే దారి వెతుక్కుంటుంది.

గుమ్మం దగ్గర 6 అంగుళాల మెట్టుకు బదులు 6 అడుగుల పొడవున ఏటవాలు చేయించి, పక్కన పట్టుకోవడానికి కమ్మీ పెట్టించాము. వసారా మూలలో కొళాయి, దాని ముందు కూర్చుని వుజూ చేసుకోవడానికి రాతి పీట. మోకాళ్లు వంగని మనిషికి ఈ రెండూ ఎంతో ఊరట.

అప్పు లేకుండా

పని ఒకేసారి కావాలన్న తొందర ఉంటే అప్పు, అప్పు వెంట వడ్డీ వస్తాయి. మేము విడతలుగా చేశాము. సంక్రాంతి తరువాత పునాది, పిల్లర్లు, కప్పు. జూను వానలకు ముందే తూములు, బండలు. జాలీ, తడికలు మరుసటి ఏడాది. నడుమ కొన్ని నెలలు పాత చీరలే తెరలయ్యాయి. దానివల్ల ఎవరికీ పరువు తక్కువ కాలేదు.

ఇప్పుడు అమ్మీ పొద్దున్నే వసారాలోకి వస్తారు. బియ్యం ఏరుతారు, మనవరాళ్లకు అక్షరాలు దిద్దిస్తారు, కిటికీలోంచి పక్కింటి పెద్దమ్మతో మాట్లాడతారు. వెనుక గదిలో పగలు లైటు వేయడం లేదు.

ఇల్లు పెంచాలనుకునే సోదరులకూ, సోదరీమణులకూ మా మనవి ఇదే. గది చేర్చే ముందు ఆ ఇంట్లో ఎక్కువసేపు గడిపేది ఎవరో చూడండి. వారికి ఏం కావాలో వారినే అడగండి. వాటాదారులైన అక్కచెల్లెళ్లను సంప్రదించండి, పొరుగువారి కిటికీని గమనించండి, నీటికి దారి చూపండి. ఆ తరువాతే మేస్త్రీని పిలవండి.