తోడేలే తోడైతే...

పగలు ఒడ్డూ పొడుగూ ఉన్న అందగాడు. రాత్రయితే తోడేలు. కాదంటే చిరుతపులి, ఎలుగుబంటి... ఇంకాస్త ఘనంగా కావాలంటే డ్రాగన్! అలాంటివాడు ఎదురైతే మనమైతే తలుపు గడియపెట్టి ఇరుగుపొరుగును కేకేస్తాం. ఆ నవలల్లో నాయిక మాత్రం మనసిచ్చేస్తుంది. ఆమెతోపాటే లక్షలాది పాఠకురాళ్లూ! ఇంగ్లిష్‌లో 'షేప్‌షిఫ్టర్ పారానార్మల్ రొమాన్స్' అనే ఈ ప్రేమకథలు ఒకప్పుడు నగరాల్లోని పెద్ద పుస్తకాల షాపుల్లోనే కనిపించేవి. ఇప్పుడు ఫోన్లోకి వచ్చేశాయి. అంటే, మనింట్లోకీ వచ్చేసినట్టే!

మనకు కొత్తేం కాదు

రూపం మార్చడమన్నది మనకు వింత కాదు. మారీచుడు బంగారులేడి అయ్యాడు. హనుమంతుడు భిక్షువు రూపంలో రాముడి ముందుకొచ్చాడు. కోరిన రూపం ధరించేవాళ్లను కామరూపులన్నారు మన పెద్దలు. ప్రేమ సంగతంటారా... చేమకూర వేంకటకవి 'విజయవిలాసం'లో అర్జునుణ్ని వలచి తన లోకానికి తీసుకుపోయిన ఉలూచి నాగకన్యే కదా! 1999లో వచ్చిన 'దేవి' సినిమాను నాగదేవత కోసమే ఇంటిల్లిపాదీ వెళ్లి చూశారు.

పడమటి దేశాలకూ ఇది పాత కథే. 12వ శతాబ్దంలో మరీ ద ఫ్రాన్స్ అనే కవయిత్రి తోడేలుగా మారే ఒక ప్రభువు కథ రాసింది. పిల్లలకు చెప్పే 'బ్యూటీ అండ్ ద బీస్ట్' 1740లో ఫ్రెంచ్ భాషలో అచ్చయింది. అయితే అందులో మృగం మనిషైతేనే కథ సుఖాంతం. ఈ కొత్త నవలల్లో ఆ షరతు లేదు. అతను తోడేలుగా ఉంటూనే పెళ్లికొడుకవుతాడు. అసలు తేడా అక్కడే ఉంది.

కెల్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ 'బిటెన్' 2001లో వచ్చింది. 2005లో మొదలైన స్టెఫనీ మేయర్ 'ట్విలైట్' నవలలు పదికోట్లకు పైగా అమ్ముడుపోయాయి. నాయికను ప్రేమించే ఇద్దరిలో ఒకడు రక్తపిశాచి, రెండోవాడు తోడేలుగా మారే జేకబ్. 2006లో నళినీ సింగ్ 'స్లేవ్ టు సెన్సేషన్'తో చిరుతల, తోడేళ్ల ప్రపంచం ఒకటి సృష్టించింది. ఈమె భారత సంతతి రచయిత్రే. ఫిజీలో పుట్టి న్యూజిలాండ్‌లో పెరిగింది. అదే ఏడాది వచ్చిన ప్యాట్రిషియా బ్రిగ్స్ 'మూన్ కాల్డ్'లో రూపం మార్చేది నాయికే. కార్లు బాగుచేసే మెకానిక్కు ఆమె. నక్కను పోలిన కొయోట్‌గా మారుతుంది.

ఎందుకంత మోజు?

మొదటిది, నమ్మకం. మనిషి అబద్ధమాడగలడు, అతనిలోని మృగం ఆడలేదు. ఒకసారి జత కుదిరాక కన్నెత్తి మరొకరిని చూడడు. 'ఇతను రేపు మారిపోతే?' అనే భయం ఎరిగిన పాఠకురాలికి అంతకంటే భరోసా ఏముంటుంది?

రెండోది, గుంపు. అదొక ఉమ్మడి కుటుంబం. ఒకే వంటిల్లు, ఒకరితో ఒకరికి పేచీలు... ఒకరికి కష్టమొస్తే అందరూ పరిగెత్తుకొస్తారు. అన్న కథ ఒక నవలలో ముగిస్తే, తమ్ముడి కథ తర్వాతి నవలలో మొదలవుతుంది. చదివేవాళ్లకు ఆ ఇంటి మనిషైపోయినట్టే ఉంటుంది.

మూడోది, మొండిఘటం మెత్తబడటం. లోకానికంతటికీ పులి, ఆమె దగ్గర మాత్రం పిల్లి! యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో రాజశేఖరాన్ని ఆరాధించినవాళ్లకు ఈ రుచి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అతనికి తోకొక్కటే తక్కువ!

చిక్కంతా ఇక్కడే

నాయకుడు గుర్రుమంటాడు. ఆమె మరో మగాడితో మాట్లాడితే పళ్లు నూరుతాడు. ఎక్కడికెళ్లినా వెంటపడతాడు. అదేమంటే, లోపలున్న తోడేలు ఊరుకోదంటాడు. 'నువ్వు నాదానివి' అన్న మాట నవలలో గుండె ఝల్లుమనిపించొచ్చు. అదే మాట కాలేజీ గేటు దగ్గర నిలబడి ఎవడైనా అంటే అది వేధింపు. 'బిటెన్'లో నాయికను తోడేలుగా మార్చింది ఆమె ప్రేమించినవాడే. కనీసం ఆమెను అడగలేదు. అది ద్రోహమేనని ఆ రచయిత్రి దాచకుండా చూపించింది. అందరూ అంత నిజాయతీగా రాయరు. 'న్యూ మూన్'లో ఒక తోడేలు అదుపు తప్పి ప్రియురాలి ముఖాన్ని చీల్చేస్తాడు. ఆమె మాత్రం అతనితోనే ఆనందంగా ఉంటుంది. కోపంలో చెయ్యి చేసుకున్నవాణ్ని 'నేనంటే ప్రాణం' అని వెనకేసుకొచ్చే ఆడపిల్లలు మన చుట్టూ లేరా?

మరో చిక్కు, విధి. చూపు కలిస్తే చాలు, జన్మజన్మల బంధం. ఇక 'వద్దు' అనే మాటకు చోటెక్కడ? 2008లో వచ్చిన 'బ్రేకింగ్ డాన్'లో జేకబ్‌కు ఈ బంధం అప్పుడే పుట్టిన పసిపాపతో ముడిపడుతుంది. ప్రస్తుతానికి అన్నలాంటి ప్రేమేనని రచయిత్రి సర్దిచెప్పినా చాలామంది అభిమానులకే మింగుడుపడలేదు.

ఇక 'ఆల్ఫా'. గుంపును అణిచి ఏలేవాడే మగాడన్నది ఈ నవలలకు పునాది. మరి తోడేళ్లు నిజంగా అలా ఉంటాయా? ఆ మాట పుట్టింది వేరువేరు చోట్లనుంచి తెచ్చి ఒకే ఆవరణలో బంధించిన తోడేళ్లను చూసి. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1970లో రాసిన పుస్తకం దానికి బాగా ప్రచారం తెచ్చింది. తర్వాత ఆయనే కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో ఏళ్ల తరబడి అడవి తోడేళ్లను గమనించి, 1999లో ఆ మాటను సరిదిద్దాడు. సాధారణంగా అడవిలో గుంపంటే అమ్మా నాన్నా పిల్లలే. పెత్తనం చేసే ఆల్ఫా అనుకున్నది పిల్లల్ని పెంచుకునే ఓ తండ్రి!

ఇంకో సంగతి. జేకబ్ పుట్టిన క్విల్యూట్ తెగ కల్పితం కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున ఉంది. తోడేలు వారి పుట్టుక గాథలో ఉన్నమాట నిజమే. చూపుతో ముడిపడే బంధం మాత్రం రచయిత్రి కల్పన. నవల చదివి అదే వాళ్ల ఆచారమనుకుంటే ఎలా?

లాక్కోవద్దు... అడగండి!

కథల యాప్‌లలో మొదటి కొన్ని అధ్యాయాలు ఉచితం. సరిగ్గా తోడేలు తలుపు తట్టేవేళకు తాళం పడుతుంది. తెరవాలంటే నాణేలు కొనాలి. అధ్యాయానికి ఇంతని చూస్తే చిన్న మొత్తమే. వందల అధ్యాయాలకు లెక్కేస్తే ఎన్ని పుస్తకాలొచ్చేవో! పైగా చాలా నవలల్లో శృంగారం పెద్దలకు మాత్రమే తగ్గది. అట్టమీది బొమ్మ చూస్తే మాత్రం పిల్లల కథేమో అనిపిస్తుంది.

అలాగని ఫోను లాక్కుంటే లాభం లేదు. దుప్పట్లో దూరి చదువుతారు. దానికంటే పక్కన కూర్చుని కథేమిటో చెప్పించుకోండి. మూడే ప్రశ్నలు వేయండి. ఆమె వద్దంటే అతను ఆగాడా? కథ అయ్యేసరికి ఆమెకు స్నేహితులు, చదువు, పని మిగిలాయా? అతనికి తోడేలు రూపం లేకపోతే ఇదే ప్రవర్తనను నువ్వు ఒప్పుకుంటావా? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగిన అమ్మాయి ఏ నవల చదివినా ఫర్వాలేదు.

నవలలో తోడేలు చివరి పేజీలోగా మంచివాడైపోతాడు. ఆ పూచీ రచయిత్రిది. బయట ఆ పూచీ ఎవరూ తీసుకోరు. అందుకే, చదివేటప్పుడు తోడేలును ఎంతైనా ప్రేమించొచ్చు... తోడును ఎంచుకునేటప్పుడు మాత్రం మనిషినే చూసుకోవాలి.