యుద్ధం చూడని వీరులు

చేయని సైనిక సేవ చేశామని, రాని పతకాలు వచ్చాయని చెప్పుకునేవాళ్లు సైన్యం ఉన్న ప్రతి దేశంలోనూ కనిపిస్తారు. అమెరికాలో ఈ మోసానికి ‘స్టోలెన్ వేలర్’ అని పేరు, దొంగిలించిన శౌర్యం అని. అక్కడ దీని మీద పుస్తకాలు వెలువడ్డాయి, రెండు చట్టాలు వచ్చాయి, ఒక కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది. ఇలాంటివాళ్లను బయటపెట్టడమే పనిగా పెట్టుకున్న మాజీ సైనికులూ ఉన్నారు. వాళ్లు నమ్ముకున్నది మాత్రం పాత కాగితాలనే.

ఈ మోసం కొత్తదేమీ కాదు. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో పాల్గొన్నవారిలో చివరివాడిగా పేరుపడ్డ వాల్టర్ విలియమ్స్ 1959 డిసెంబరులో హ్యూస్టన్‌లో కన్నుమూశాడు. 117 ఏళ్లు బతికాడన్నారు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ దేశమంతటా సంతాపదినం ప్రకటించాడు. అంతకు కొన్ని నెలల ముందే లోవెల్ బ్రిడ్‌వెల్ అనే విలేకరి పాత జనాభా లెక్కలు తిరగేసి, 1860లో ఆ మనిషి ఐదేళ్ల పిల్లవాడని రాశాడు. యుద్ధం ముగిసేనాటికి కూడా అతనికి పదకొండేళ్లు నిండవు. 1932లో, జనం పనుల్లేక అల్లాడుతున్న మహామాంద్యం రోజుల్లో, టెక్సస్ రాష్ట్రం ఇచ్చే మాజీ సైనికుల పింఛను కోసం ఆయన దరఖాస్తు పెట్టుకున్నాడు. కడుపు కోసం చెప్పిన అబద్ధం పాతికేళ్లు గడిచేసరికి జాతీయ గౌరవంగా మారింది.

అయితే అందరూ పేదరికంతోనే అబద్ధమాడరు. చాలామందికి కావలసింది డబ్బు కాదు, నలుగురిలో మర్యాద. వియత్నాం యుద్ధం తర్వాత అమెరికాలో జరిగింది చూస్తే ఇది స్పష్టమవుతుంది. ఆ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు మొదట్లో పెద్ద ఆదరణ దక్కలేదు. 1982లో వాషింగ్టన్‌లో అమరుల పేర్లు చెక్కిన నల్లరాతి గోడ వెలిసింది. జనం మనసు మెల్లగా మారింది. వియత్నాం వెళ్లొచ్చానని చెప్పుకోవడం గౌరవమైంది. ఆ గౌరవం పెరిగేకొద్దీ వెళ్లనివాళ్లు కూడా వెళ్లొచ్చామని చెప్పడం పెరిగింది.

ఈ బండారాన్ని మొదట పెద్దయెత్తున బయటపెట్టిన మనిషి బి.జి. బర్కెట్. ఆయన వియత్నాంలో పనిచేసి వచ్చి, డాలస్ నగరంలో షేర్ల వ్యాపారంలో స్థిరపడ్డాడు. 1980లలో టెక్సస్‌లో వియత్నాం అమరులకు స్మారకం కట్టించాలని చందాలకు తిరిగినప్పుడు ఆయనకు ఒకే మాట ఎదురైంది: వియత్నాం సైనికులంటే తాగుబోతులు, ఇల్లూవాకిలీ లేనివాళ్లు, నేరాలు చేసేవాళ్లు. పత్రికల్లోనూ అవే కథలు. తనతో పనిచేసినవాళ్లు అలాంటివాళ్లు కారని బర్కెట్‌కు తెలుసు. అందుకని ఆ వార్తల్లో కనిపించిన ‘మాజీ సైనికుల’ పేర్లు ఒక్కొక్కటే తీసుకుని, సమాచార హక్కు చట్టం కింద ప్రభుత్వం నుంచి వాళ్ల సేవా రికార్డులు తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. చేసిన ఘోరాలు తలచుకుని కెమెరా ముందు కన్నీరు పెట్టుకున్నవాళ్లలో కొందరు వియత్నాం గడ్డ మీద కాలే మోపలేదని తేలింది. మరికొందరు అసలు సైన్యంలోనే చేరలేదు. గ్లెనా విట్లీ అనే జర్నలిస్టుతో కలిసి ఆయన రాసిన ‘స్టోలెన్ వేలర్’ పుస్తకం 1998లో వచ్చింది.

బర్కెట్ పట్టుకున్న అసలు విషయం ఇక్కడే ఉంది. దొంగ సైనికుడు ఎత్తుకుపోయేది పతకం ఒక్కటే కాదు. ఊరూరా తిరిగి చెప్పే కట్టుకథలతో నిజమైన సైనికుడి పేరు కూడా పాడుచేస్తాడు. వియత్నాంలో పనిచేసి వచ్చి, నోరెత్తకుండా ఉద్యోగం చేసుకుంటూ పిల్లల్ని పెంచుకున్న లక్షలాది మంది గురించి ఎవరూ రాయలేదు. గట్టిగా కథలు చెప్పినవాళ్లే పత్రికలకెక్కారు. కాబట్టి వాళ్లను బయటపెట్టడం పగ తీర్చుకోవడం కాదు, చరిత్రను సరిదిద్దడం.

ఆ పని ఎలా జరుగుతుందో చూడాలి. అమెరికా సైన్యాన్ని వదిలిపెట్టే ప్రతి మనిషికీ ‘డీడీ-214’ అనే పత్రం ఇస్తారు. ఎప్పుడు చేరాడు, ఎప్పుడు బయటికొచ్చాడు, ఏ హోదాలో ఉన్నాడు, ఏ పని నేర్చుకున్నాడు, ఏ శిక్షణ పొందాడు, ఏ పతకాలు వచ్చాయి, విదేశాల్లో ఎన్నాళ్లున్నాడు అన్నీ అందులో గళ్లుగళ్లుగా ఉంటాయి. ఎలాంటి ప్రవర్తనతో బయటికి పంపారన్నదీ ఒక గడిలో రాస్తారు. మోసగాళ్లు సాధారణంగా ఈ కాగితాన్నే దిద్దుతారు. పతకాల గడిలో రెండు పేర్లు అదనంగా టైపు చేస్తారు. కానీ అసలు రికార్డు ప్రభుత్వం దగ్గర, సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో ఉంటుంది. సేవ చేసిన తేదీలు, హోదా, పనిచేసిన చోట్లు, పతకాలు వంటి వివరాలను ఎవరు అడిగినా ఆ కేంద్రం ఇస్తుంది. ఇంటి చిరునామా, వైద్య వివరాలు మాత్రం ఇవ్వదు. మోసగాడి దగ్గరున్న కాగితాన్నీ, కేంద్రం పంపిన కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే అదనంగా చేరిన పేర్లు ఇట్టే దొరికిపోతాయి.

దొరికినవాళ్లు చెప్పే సాకులు కూడా దాదాపు ఒకే రకంగా ఉంటాయి. మొదటిది, రికార్డు కాలిపోయిందనడం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. 1973 జూలై 12న సెయింట్ లూయిస్ కేంద్రం పై అంతస్తులో అగ్నిప్రమాదం జరిగి 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల ఫైళ్లు బూడిదయ్యాయి. వాటికి నకళ్లు లేవు. అయితే ఆ మంటల్లో పోయినవి 1912 నుంచి 1960 దాకా ఆర్మీ నుంచి విడుదలైనవారి ఫైళ్లలో సుమారు 80 శాతం, 1947 నుంచి 1964 దాకా వైమానిక దళం నుంచి విడుదలైనవారిలో కొందరివి. నౌకాదళం, మెరైన్ల ఫైళ్లకు ఏమీ కాలేదు. కాబట్టి 1970లో వియత్నాం నుంచి వచ్చిన మెరైన్‌నని చెప్పుకునే మనిషి నా ఫైలు కాలిపోయిందంటే, ఆ మాటే అతన్ని పట్టిస్తుంది.

రెండో సాకు రహస్య సేవ. చేసిన పనులు అతి రహస్యం కనుక రికార్డులో రాయలేదంటారు. ఒక దాడి వివరాలు రహస్యంగా ఉండవచ్చు గానీ, మనిషి సైన్యంలో ఉన్నాడన్న సంగతి రహస్యం కాదు. జీతం ఇచ్చిన లెక్క, శిక్షణ పూర్తి చేసిన జాబితా ఎక్కడో ఒకచోట ఉంటాయి. నౌకాదళ కమాండోలైన సీల్స్ శిక్షణ పూర్తి చేసినవారి పేర్ల జాబితా ఉంది. అందుకే సీల్‌నని చెప్పుకునేవాడి గుట్టు రట్టు చేయడానికి ఎక్కువ సేపు పట్టదు. యుద్ధఖైదీల విషయం ఇంకా తేలిక. వియత్నాం చెర నుంచి 1973లో ‘ఆపరేషన్ హోంకమింగ్’ కింద విడుదలై ఇల్లు చేరిన అమెరికన్లు 591 మంది. అందరి పేర్లూ అచ్చులో ఉన్నాయి.

ఇక యూనిఫాం మీది పొరపాట్లు సరే సరి. పతకాల వరుస తప్పుతుంది, ఒకే ఛాతీ మీద పుట్టుకకు ముందు జరిగిన యుద్ధం పతకం కూడా మెరుస్తుంది. పనిచేసినవాడు కంటి చూపుతోనే గుర్తుపడతాడు.

మోసం చేసినవాళ్లంతా అనామకులేం కాదు. అమెరికా స్థాపకుల మీద రాసిన పుస్తకానికి 2001లో పులిట్జర్ బహుమతి అందుకున్న చరిత్రకారుడు జోసెఫ్ ఎల్లిస్, తాను వియత్నాంలో పారాట్రూపర్‌గా పోరాడానని ఏళ్ల తరబడి తరగతి గదిలో విద్యార్థులకు చెప్పేవాడు. ఆయన సైన్యంలో ఉన్న మాట నిజమే. కానీ అక్కడ చేసింది వెస్ట్‌పాయింట్ సైనిక విద్యాలయంలో చరిత్ర పాఠాలు చెప్పడం. బోస్టన్ గ్లోబ్ పత్రిక ఆ సంగతి బయటపెట్టాక కాలేజీ ఆయన్ను ఏడాదిపాటు జీతం లేకుండా పక్కన పెట్టింది. చరిత్ర రాసేవాడు సొంత చరిత్రను కల్పించుకోవడం ఈ మొత్తం వ్యవహారంలోకెల్లా బాధ కలిగించే విషయం. స్విట్జర్లాండ్‌లో అమెరికా రాయబారిగా పనిచేసిన లారీ లారెన్స్ కథ మరీ దూరం వెళ్లింది. రెండో ప్రపంచయుద్ధంలో వ్యాపార నౌకల్లో పనిచేసి గాయపడ్డానన్న మాట మీద 1996లో ఆయన్ను ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో సమాధి చేశారు. ఆ సేవకు ఆధారమే లేదని తేలాక 1997 డిసెంబరులో శవపేటికను తవ్వి తీసి వేరేచోటికి తరలించారు.

చట్టం దారి అంత సాఫీగా సాగలేదు. అర్హత లేకుండా సైనిక పతకం ధరించడం అమెరికాలో చాలా కాలం నేరంగా ఉండేది. డగ్ స్టెర్నర్ అనే వియత్నాం మాజీ సైనికుడు వీర పతకాలు పొందినవారి పేర్లన్నీ ఒకచోట చేర్చే పనికి పూనుకున్నాడు. ఆయన భార్య పామ్ కాలేజీలో ఈ సమస్యపై రాసిన వ్యాసం కొత్త చట్టానికి బీజం వేసింది. 2006 డిసెంబరులో అధ్యక్షుడు బుష్ సంతకం చేసిన ఆ చట్టం ప్రకారం పతకం వచ్చిందని నోటితో అబద్ధం చెప్పినా నేరమే. శిక్ష ఆరు నెలల దాకా జైలు. మన పరమవీర చక్ర స్థాయి గల ‘మెడల్ ఆఫ్ ఆనర్’ వంటి పతకాల విషయంలోనైతే ఏడాది దాకా.

2007 జూలైలో కాలిఫోర్నియాలోని ఒక నీటి సరఫరా మండలికి కొత్తగా ఎన్నికైన జేవియర్ అల్వారెజ్ సమావేశంలో లేచి తనను పరిచయం చేసుకున్నాడు. పాతికేళ్లు మెరైన్‌గా పనిచేశానని, 1987లో మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నానని, చాలాసార్లు గాయపడ్డానని చెప్పాడు. ఒక్క ముక్కా నిజం కాదు. కేసు పడింది, నేరం ఒప్పుకున్నాడు, 5,000 డాలర్ల జరిమానా పడింది. కానీ అబద్ధం చెప్పడమే నేరమనే అధికారం ప్రభుత్వానికి ఉందా అన్న ప్రశ్న మిగిలింది. 2012 జూన్ 28న సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో ఆ చట్టాన్ని కొట్టేసింది. అబద్ధానికి విరుగుడు జైలు కాదు, నిజం అన్నది జస్టిస్ కెన్నెడీ వాదన సారాంశం. పతకాలు పొందినవారి జాబితాను ప్రభుత్వమే అందరికీ అందుబాటులో ఉంచితే దొంగల ఆట కట్టవుతుందన్నాడు. మరుసటి నెలలోనే అమెరికా రక్షణశాఖ అలాంటి జాబితాతో వెబ్‌సైట్ తెరిచింది. 2013 జూన్‌లో అధ్యక్షుడు ఒబామా సంతకంతో వచ్చిన రెండో చట్టం పరిధిని కుదించింది: పతకం పేరు చెప్పి డబ్బు, ఆస్తి, మరేదైనా లబ్ధి పొందాలని చూస్తేనే నేరం. ఈ గీత సరైన చోటే పడింది. గొప్పలు చెప్పుకునేవాణ్ణి రికార్డు చూపించి నోరు మూయించవచ్చు. ఆ గొప్పల పేరుతో ఎదుటివాడి సొమ్ము కాజేసేవాణ్ణి కోర్టే చూసుకోవాలి.

బయటపెట్టేవాళ్లకూ ఒక బాధ్యత ఉంది. 1996 మే 16న అమెరికా నౌకాదళాధిపతి అడ్మిరల్ జెరెమీ బూర్డా తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. సాధారణ నావికుడిగా చేరి ఆ పదవి దాకా ఎదిగిన మనిషి ఆయన. వియత్నాం సేవకు వచ్చిన రిబ్బన్ల మీద, యుద్ధంలో చూపిన సాహసానికి గుర్తుగా పెట్టే చిన్న ‘వి’ అక్షరాలను అర్హత లేకుండా పెట్టుకున్నాడా అని అడగడానికి ఆ రోజు పత్రికా విలేకరులు రావలసి ఉంది. ఆయన నిజంగా వియత్నాం తీరంలో ఓడల మీద పనిచేసినవాడు. తప్పు జరిగినా అది మోసమా, పొరపాటా అన్నది వేరే సంగతి. ఇవాళ వీధిలో యూనిఫాంలో కనిపించిన ముసలాయన్ను ఫోన్ కెమెరాతో వెంటబడి నిలదీసే వీడియోలు చాలా వస్తున్నాయి. నిజమైన మాజీ సైనికులను ఇలా అవమానించిన సంఘటనలూ ఉన్నాయి. మతిమరుపుతోనో, మానసిక అనారోగ్యంతోనో మాట్లాడే మనిషిని వేలమంది ముందు నిలబెట్టడం ఏ సైనికుడి గౌరవాన్నీ నిలబెట్టదు. రికార్డు తెప్పించుకోకముందు నోరు విప్పకూడదన్న బర్కెట్ తరహా పద్ధతే సరైనది.

భారతదేశంలో ఈ మోసం ఎక్కువగా గొప్పల కోసం కాక డబ్బు కోసం జరుగుతుంది. 2020 నవంబరులో హైదరాబాద్ పోలీసులు ఆర్మీ మేజర్‌నని చెప్పుకు తిరిగిన ప్రకాశం జిల్లా వ్యక్తిని అరెస్టు చేశారు. పెళ్లి సంబంధాల పేరుతో 17 కుటుంబాల దగ్గర 6.61 కోట్ల రూపాయలు రాబట్టాడని వాళ్లు చెప్పారు. అతని దగ్గర సైనిక దుస్తులు, బొమ్మ పిస్తోలు దొరికాయి. సైనికుడంటే తెలుగు ఇళ్లలో ఉన్న నమ్మకమే అతని పెట్టుబడి. ‘బదిలీ అయింది, బండి చవగ్గా అమ్మేస్తున్నా’ అంటూ సైనికుడి గుర్తింపు కార్డు ఫొటో పంపి, ముందుగా డబ్బు వేయించుకునే ఆన్‌లైన్ మోసాలదీ ఇదే దారి.

భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ ప్రకారం, సైనికుడు కానివాడు సైనికుడని నమ్మించే ఉద్దేశంతో ఆ దుస్తులు వేసుకుంటే మూడు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. వేరొకరిగా నటించి మోసం చేస్తే 319వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడుతుంది. పరమవీర చక్ర ఇప్పటివరకు 21 మందికే దక్కింది. శౌర్య పురస్కారాలు పొందినవారి పేర్లు రక్షణశాఖ నడిపే గ్యాలంట్రీ అవార్డ్స్ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. మాజీ సైనికుల దగ్గర డిశ్చార్జి బుక్కు, సైనిక సంక్షేమ కార్యాలయం ఇచ్చిన గుర్తింపు కార్డు ఉంటాయి. నిజంగా సేవ చేసినవాడు వాటిని చూపమంటే నొచ్చుకోడు. పెళ్లి సంబంధం గానీ, చందా గానీ, వ్యాపారం గానీ సైన్యం పేరుతో గుమ్మంలోకి వచ్చినప్పుడు, డబ్బు చేతులు మారకముందే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి ఒక్కసారి విచారించండి.