పది లక్షల మంది నిందితులు, ఊరూరా కోర్టు: రువాండా లెక్క

రువాండాలో 1994 ఏప్రిల్ 7న మొదలైన మారణకాండ జూలై మధ్య దాకా, ఇంచుమించు వంద రోజులు సాగింది. 8 లక్షల మంది చనిపోయారని ఐక్యరాజ్యసమితి అంచనా. పది లక్షలు దాటిందని రువాండా ప్రభుత్వం అంటుంది. తక్కువ అంకె తీసుకున్నా రోజుకు 8 వేల మంది. దేశం మొత్తం వైశాల్యం 26 వేల చదరపు కిలోమీటర్లు, మన ఉమ్మడి అనంతపురం జిల్లా కన్నా మూడో వంతు ఎక్కువ. చనిపోయినవాళ్లలో అత్యధికులు టుట్సీ జాతివాళ్లు. ఈ ఘోరాన్ని ఎదిరించిన హుటూ జాతివాళ్లూ వాళ్లలో ఉన్నారు. చంపినవాళ్లలో సైనికులు, ఇంటెరహామ్వే అనే సాయుధ ముఠాలతో పాటు ఇరుగుపొరుగువాళ్లు కూడా ఉన్నారు.

అసలు చిక్కు అక్కడే ఉంది. రెండు దేశాల మధ్య యుద్ధమైతే అది ముగిశాక ఎవరి సరిహద్దుల్లోకి వాళ్లు వెళ్లిపోతారు. రువాండాలో చంపినవాడి ఇల్లు, చనిపోయినవాడి ఇల్లు ఒకే కొండ మీద ఉన్నాయి. వెళ్లడానికి వేరే చోటు లేదు.

నిందితులను కోర్టులో నిలబెట్టి విచారిస్తే సరిపోదా అని అడగవచ్చు. మొదట అదే చేశారు. 2000 నాటికి జైళ్లలో సుమారు 1,20,000 మంది ఉన్నారు. ఆ జైళ్లు అందులో కొద్ది వంతుకు కట్టినవి. న్యాయమూర్తుల్లో చాలామంది చనిపోయారు, మిగిలినవాళ్లలో ఎందరో దేశం విడిచిపోయారు. మామూలు కోర్టుల్లో విచారణలు 1996 చివర్లో మొదలయ్యాయి. ఏడాదికి వెయ్యి మంది కేసులు తేలుతాయనుకున్నా అందరి వంతూ అయ్యేసరికి 120 ఏళ్లు పడుతుంది. అంటే నిందితుల్లో అత్యధికులు తీర్పు వినకుండానే జైల్లో ముసలివాళ్లైపోతారు.

అందుకని పాత పద్ధతి ఒకదాన్ని బయటికి తీశారు. దాని పేరు గచాచ. మన రచ్చబండ తీర్పులాగే ఊరి పెద్దలు ఆరుబయట కూర్చుని పొలం గట్ల తగాదాలు తీర్చేవారు. దాన్ని హత్య కేసులకు సరిపోయేలా 2001లో చట్టంగా మార్చి, 2002లో కొన్నిచోట్ల ప్రయోగించి, 2005లో దేశమంతా మొదలుపెట్టారు. 2012 జూన్‌లో మూసేశారు. మొత్తం సుమారు 12 వేల కోర్టులు. అప్పటి జనాభా 90 లక్షలనుకుంటే 750 మందికి ఒక కోర్టు, అంటే నూట యాభై గడపలున్న చిన్న ఊరికి ఒకటి. న్యాయమూర్తులను ఊరివాళ్లే ఎన్నుకున్నారు. వాళ్లకు జీతం లేదు, న్యాయశాస్త్ర చదువు అక్కర్లేదు. ఎన్నికైన తర్వాత తామే నిందితులని తేలి పదవి పోగొట్టుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు.

ఈ కోర్టులు తేల్చినవి దాదాపు 19.6 లక్షల కేసులు, నిందితులు దాదాపు 10 లక్షల మంది. కోర్టుకు సగటున 160 కేసులు. పెద్దవాళ్లలో దాదాపు అయిదుగురికి ఒకరి చొప్పున ఏదో ఒక ఆరోపణ ఉన్నట్టే.

లాయర్లు లేని కోర్టు న్యాయం ఎలా చేస్తుంది? ఈ సందేహం సబబే. మొత్తం మీద 86 శాతం కేసుల్లో శిక్ష పడింది. ఆ అంకె ఒక్కటే చూస్తే ముందే రాసిపెట్టిన తీర్పులనిపిస్తుంది, కానీ విడదీసి చూడాలి. కేసులు మూడు తరగతులు: కుట్రదారులు, అత్యాచారాలు చేసినవాళ్లు ఒకటి, చంపినవాళ్లు, గాయపరిచినవాళ్లు రెండు, ఆస్తి దోచినవాళ్లు మూడు. రెండో తరగతిలో మూడింట ఒక వంతుకు పైగా నిర్దోషులుగా బయటపడ్డారు. మూడో తరగతిలో 96 శాతానికి నేరం రుజువైంది. పక్కింటివాళ్ల ఆవును ఎవరు తోలుకెళ్లారో ఊరందరికీ తెలుసు కదా. అయినా బెదిరింపులు, లంచాలు, పాత పగతో పెట్టిన కేసులు జరిగాయని హక్కుల సంఘాలు నమోదు చేశాయి. సాక్షులు హత్యకు గురైన ఘటనలూ ఉన్నాయి.

ఖర్చు సంగతి. టాంజానియాలోని అరూషాలో ఐక్యరాజ్యసమితి పెట్టిన ట్రైబ్యునల్ 93 మందిపై అభియోగాలు మోపింది. 2015లో మూసేనాటికి ఖర్చు 200 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉంది, అంటే మనిషికి రెండు కోట్ల డాలర్లు. గచాచకైన మొత్తం 5 కోట్ల డాలర్లు, అంటే కేసుకు 25 డాలర్లు, అప్పటి మారకంలో పదకొండు వందల రూపాయలు. ఈ పోలికను గొప్పగా చెప్పేవాళ్లున్నారు, నాకు మాత్రం అది సగం లెక్కే అనిపిస్తుంది. అరూషా కోర్టు పట్టుకున్నది పైస్థాయి సూత్రధారులను. నరమేధంలో భాగంగా జరిగిన అత్యాచారం కూడా నరమేధమేనని 1998లో తేల్చింది ఆ కోర్టే. ఇక గచాచ చౌకగా కనిపించడానికి కారణం, ఊరంతా వారానికో రోజు పని మానుకుని కూర్చున్న కూలి ఎవరి చిట్టాలోకీ ఎక్కకపోవడం.

మరి ఆ కూలికి ఏం దక్కింది? చాలామందికి దక్కింది సమాచారం. నేరం ఒప్పుకుని, శవాలను ఎక్కడ పడేశారో చెప్పి, క్షమాపణ అడిగితే శిక్ష బాగా తగ్గేది. అందులోనూ కొంత జైల్లో కాకుండా రోడ్లు వేయడం, ఇళ్లు కట్టడం వంటి పనులతో తీర్చుకోవచ్చు. దానివల్ల ఎందరో తమవాళ్ల ఎముకలు వెతికి తీసుకుని అంత్యక్రియలు చేసుకోగలిగారు.

దక్కనిది పరిహారం. మొత్తం కేసుల్లో మూడింట రెండు వంతులు, దాదాపు 13.2 లక్షలు, ఆస్తి కేసులే: ఇంటి పైకప్పు పెంకులు, తలుపులు, పశువులు. దోషి నష్టం కట్టాలని తీర్పు. కట్టాల్సినవాడూ కడు పేదవాడే. కొందరు పొలంలో పని చేసి తీర్చారు, కొందరికి బాధితులు మాఫీ చేశారు, కొన్ని బాకీలు అలాగే ఉండిపోయాయి. అన్ని నష్టాలకూ పరిహారమిచ్చే నిధి పెడతామన్న మాట అమలు కాలేదు. పెట్టింది నిరుపేద బాధితుల చదువుకు, వైద్యానికి, ఇళ్లకు సాయపడే నిధి మాత్రమే. నా మటుకు గచాచ లోటుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. దాని పక్కనే ఇంకొకటి: మారణకాండను ఆపి అధికారంలోకి వచ్చిన ఆర్‌పీఎఫ్ (రువాండా పేట్రియాటిక్ ఫ్రంట్) సైనికులు చేసిన హత్యలు గచాచ పరిధిలోకి రాలేదు. అరూషా కూడా వాళ్లలో ఎవరినీ విచారించలేదు. తమవాళ్లను అలా పోగొట్టుకున్న హుటూ కుటుంబాలకు ఈ రెండు చోట్లా చెప్పుకునే వీలు లేకపోయింది.

అయితే ఇప్పుడు సామరస్యం ఎంత? దానికీ అంకె ఉంది. ప్రభుత్వ సయోధ్య కమిషన్ సర్వేల్లో అది 2010లో 82.3 శాతం, 2015లో 92.5, 2020లో 94.7. కాస్త ఆగి చదవాల్సిన అంకెలివి. అడిగింది ప్రభుత్వ సంస్థ. 'నరమేధ భావజాలం' నేరమని 2008లో చట్టం వచ్చింది. గుర్తింపు కార్డుల్లో జాతి తీసేసిన ఆ దేశంలో హుటూ, టుట్సీ అని బహిరంగంగా మాట్లాడటానికే జనం జంకుతారు. ఆ పరిస్థితుల్లో సర్వేలో 'సామరస్యం లేదు' అని ఎవరు చెబుతారు? 2018లో రాజధాని కిగాలీ శివారు కబూగాలో ఇళ్ల కింద, శవాలు పూడ్చిన సామూహిక గుంతలు బయటపడ్డాయి. గచాచ ఏళ్లన్నీ గడిచినా వాటి గురించి తెలిసినవాళ్లు నోరు విప్పలేదు.

అలాగని అంకెలన్నీ డొల్ల అనలేం. 1994 తర్వాత దేశంలో అలాంటి హత్యాకాండ మళ్లీ జరగలేదు, పొరుగు కాంగోలో మాత్రం తుపాకులు ఇంకా ఆగలేదు. ఇప్పటి రువాండా జనాభాలో సగానికి పైగా ఆ వంద రోజుల తర్వాత పుట్టినవాళ్లు. ఇరవై, ముప్పై ఏళ్ల శిక్షలు పూర్తి చేసుకున్న దోషులు ఇప్పుడు జైళ్ల నుంచి విడుదలవుతున్నారు. వాళ్లు తిరిగి వెళ్తున్నది చాలావరకు అవే కొండల మీదికి, అవే ఇరుగుపొరుగుల మధ్యకే.